ఆటపాకలో గూడబాతులు

గుడివాడ పరిసరాల్లోని చేపల చెరువుల మీద నాంచారయ్య చాలా ఏళ్లు కాపలా ఉన్నారు. చేపలను మింగేసే గూడబాతు కనిపిస్తే చాలు, రేకు డబ్బా వాయించి, "హోయ్" అని అరిచి తరిమివేయడమే ఆయన ఉద్యోగం. అన్నం క్యారేజీ పట్టుకుని చెరువుగట్టుకు వెళ్లిన భార్య సీతారావమ్మకు ఆ పక్షులు ఎప్పుడూ ఎగిరిపోతూనే కనిపించేవి. ఒక్కసారైనా అవి వాలి ఉండగా దగ్గర నుంచి చూడాలన్నది ఆవిడ కోరిక.

ఆ కోరిక తీర్చడానికే, కాపలా మానుకున్న ఏడాది శీతాకాలంలో ఆయన ఆవిడను కైకలూరు దగ్గరి ఆటపాక పక్షుల కేంద్రానికి తీసుకువెళ్లారు.

అక్కడ పడవ నడిపే ఏడుకొండలు చప్పుడు కాకుండా తెడ్డు వేస్తూ, పక్షుల కోసం నీళ్లలో నిలిపిన, గూళ్లున్న ఇనుప మంచె సమీపానికి వాళ్లను చేర్చాడు. ఎదురుగా ఒక గూడబాతు రెక్కలు విప్పింది. అంతే, నాంచారయ్య చేతులు వాటంతటవే లేచాయి. నోటి నుంచి "హోయ్" అన్న కేక వెలువడింది. దగ్గరి పక్షులన్నీ లేచిపోయాయి.

"మావయ్య గారూ, ఇక్కడ తమకి జీతం ఎవరిస్తున్నారండీ?" అన్నాడు, దారిలో ఆయన కాపలా ఉద్యోగం సంగతి విన్న ఏడుకొండలు.

సీతారావమ్మ మాత్రం ఎగిరిపోతున్న పక్షుల వంక చూశారు. అదే ఆయనకు ఎక్కువ కష్టంగా తోచింది. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నారు. చాలాసేపటికి ఆవిడ ఆయన మోకాలు తట్టారు. పక్షులు తిరిగివచ్చాయి. పిల్ల ఒకటి తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి చేపను అందుకుంటోంది.

"ఆ చేప మీ చెరువుదేనేమోనండీ" అన్నారావిడ మెల్లగా.

"అయితే అయిందిలే, తిననీ" అన్నారు నాంచారయ్య, చేతులు బయటికి తీయకుండానే.