తువ్వాల కింద చేయి

రాబర్ట్‌సన్‌పేట బజారులో చింతపండు దాక్షాయణక్కతో బేరమంటే ఆరితేరిన వర్తకులు కూడా జంకేవాళ్ళు. ఆడపులి అని పేరు. నాకు మాత్రం నవ్వొస్తుంది. ఎదురు దుకాణం వాణ్ణి నేను. బేరమున్న రోజు ఆ పులికి గుటక కూడా దిగేది కాదని నాకు తెలుసు.

మా ఊరి బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన కొత్తలో ఆమె భర్త శ్రీకంఠయ్యకు పక్షవాతం వచ్చింది. మాట, కుడి చేయి రెండూ పడిపోయాయి. గోదాములో ఆ ఏటి చింతపండంతా అలాగే ఉంది. వానలు దగ్గరపడ్డాయి, కప్పు చూస్తే కారుతుంది. చెమ్మ తగిలితే పండు నల్లబడి ఎందుకూ పనికిరాదు. సరుకు పోతే దుకాణమూ పోయినట్టే.

మా వైపు టోకు బేరం నోటితో చెయ్యరు. పక్కవాడికి ధర తెలియకుండా ఇద్దరూ తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. ఎన్ని వేళ్ళు పడితే అంత ధర. గట్టిగా నొక్కి వదలకపోతే ఒప్పుకున్నట్టు. చేయి లాక్కుంటే వద్దన్నట్టు. ఆ వేళ్ళ భాష ఆమెకు శ్రీకంఠయ్యే నేర్పాడు, మంచంలో పడుకుని, ఎడమ చేత్తో. నీళ్ళు కావాలన్నా, దగ్గర కూర్చోమన్నా ఇంట్లో కూడా ఇక ఆ చేయే ఆయన నోరు.

ముళబాగిలు నుంచి వెంకటరమణప్ప సరుకు కొనడానికి వచ్చాడు. ఆడది పదిమందిలో పరాయి మగాడి చేయి పట్టడమా అని బజారంతా ముక్కున వేలేసుకుంది. ఆమెకు ఆ మాటలేవీ వినపడలేదు, గుండె దడే వినపడుతోంది. తువ్వాల కింద చేయి పెట్టింది. ఆయన మూడు వేళ్ళు పట్టుకున్నాడు. నాలుగుకు తగ్గితే మునిగినట్టే. నాలుగో వేలు చాపాలనుకుంది, కదల్లేదు.

"ఏమ్మా, చెయ్యి ఇట్ల వణకతా ఉండాది?" అన్నాడాయన.

నిప్పు తగిలినట్టు చేయి లాగేసుకుంది. ఏం చేసిందో లాగాక తెలిసింది. వద్దనలేదని ఎలా చెప్పాలో తెలియలేదు. ఎవరైనా ఆదుకుంటారేమోనని వీధివైపు చూసింది. అక్కడ తమక అనే ఊరి నుంచి చింతపండు కొనడానికి వచ్చిన ఇంకో వ్యాపారి నిలబడి ఉన్నాడు.

"ఆయప్ప పక్క ఏమి చూస్తావమ్మా? కూర్చో. ఇంగ చెయ్యి ఇట్లియ్యి" అంటూ వెంకటరమణప్ప నాలుగు వేళ్ళూ పట్టి నొక్కాడు. ఈసారి ఆమె వదల్లేదు. వదలడానికి వేళ్ళు స్వాధీనంలో ఉంటేగా!

"ఏం గుండెమ్మా నీది!" అన్నాడు లేస్తూ. పిరికితనానికి అంత పేరు రావడం నేనెక్కడా చూడలేదు.

ఇంటికి పోయి భర్త మంచం పక్కన కూలబడింది. "నా చేత కాదు. భయంతో సచ్చిపోతా ఉండా. మళ్ళా నేను పోను" అని ఏడ్చింది. ఆయన చేయి చాపి ఆమె వేళ్ళు పట్టుకోబోయాడు. బజారు భయం ఇంకా వదల్లేదేమో, ఆమె విదిలించి లాగేసుకుంది.

శ్రీకంఠయ్య మొహం పాలిపోయింది. ఎడమ చేయి దుప్పటి మీద ఆమె చేతికోసం తడుముతోంది. నన్నూ వద్దనుకుందా అన్న భయం ఆయన కళ్ళలో. దాని ముందు తన భయం ఏపాటిదని ఆమెకు అనిపించిందట.

"వద్దని కాదు, ఈడనే ఉండాను" అంటూ గబగబా చేయి తిరిగి పెట్టింది. గట్టిగా నొక్కి, వదలకుండా కూర్చుంది.

మరుసటి ఏడు వానలకు ముందే మళ్ళీ బజారులో తువ్వాల కింద చేయి పెట్టింది, వణుకుతూనే.