షెయోల్‌కి నేను చెప్పిన తెలుగు

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువెంతంటారా? లారీకెత్తితే లారీ కూలబడుతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అలాగైతేనే నోరు పెగులుతుంది.

నేను రాజోలు వైపు ఇంగ్లీషు మాస్టారిని. సువార్త సభలకి బయటినుంచి బోధకులు వస్తే తర్జుమా చెప్పేది నేనే. వాళ్ళు గ్లాసుడిస్తే నేను బిందెడు పోసేవాణ్ణి. ముఖ్యంగా నరకం. బోధకుడు ‘అగ్ని’ అని ఊరుకుంటే, ఆ అగ్నికి గన్నవరం అక్విడక్టంత పొడుగు పొయ్యి కట్టి, పైన మూకుడు పెట్టి, కొబ్బరినూనె సలసలా కాగించేవాణ్ణి. నరకంలో పురుగులు చావవని వాక్యం చదివితే వాటికి మొసలి కోరలు మొలిపించేవాణ్ణి. బైబిల్లో మూకుడెక్కడుంది? అది యముడి సామాను. మా ముత్తాతలు ఆయన్ని వదిలేసి ఇటు వస్తూ మూకుడు మాత్రం వెంట తెచ్చుకున్నారు, నేను దాన్ని తోమి వాడుకున్నాను. సభ అయ్యాక “మీ నరకం చాలా బావుందండీ మాస్టారూ” అనేవారు. ఆ మెప్పుకి ఇకిలించేవాణ్ణి. ఇంత చవకబారు మనిషిని మీరెక్కడైనా చూశారా?

పన్నెండేళ్ళ కిందట కేరళ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. హీబ్రూ, గ్రీకు పాఠాలు చెప్పే మనిషి. గొంతు పెంచడం తెలియదు. మధ్యాహ్నం స్త్రీల కూడికలో ఆయన చెప్పింది ఇది. హీబ్రూలో షెయోల్ అంటే చనిపోయినవాళ్ళు చేరే చోటు, మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ అంతా. గ్రీకులో హేడిస్ కూడా దాదాపు అంతే. గెహెన్నా యెరూషలేము పక్కన ఒక లోయ, ఒకప్పుడు విగ్రహాల కోసం కన్నబిడ్డల్ని కాల్చిన చోటు, అందుకే యేసు హెచ్చరించేటప్పుడు ఆ పేరెత్తాడు. ఇన్ని మాటల్నీ నరకమనే ఒకే మూటలో కట్టేసి పక్కవాణ్ణి అందులో పడేస్తున్నామని నవ్వారు. నేను ముప్పాతిక మింగేశాను. వీటికి తెలుగులో మాటల్లేవని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. లేకేం? మన తెలుగు బైబిల్లోనే పాతాళం అనీ, మృతుల లోకం అనీ విడిగా ఉన్నాయి. ఎన్నిసార్లు చదివానో.

అప్పుడు మా సంఘంలోని కరుణమ్మ లేచింది. ఆమె భర్త మస్కట్‌లో క్రేన్ నడిపేవాడు. బాప్తిస్మం సంగతెత్తితే “వచ్చేక తీసుకుంటాలే” అనేవాడట. అక్కడే పోయి అప్పటికి మూడు నెలలు.

“మా ఆయన బాప్తిస్మం లేకుండా పోయేరండి. నరకంలో ఉన్నారాండి? పెద్దాయన్ని అడగండి మాస్టారూ.”

అడిగాను. ఆయన ఆమెవైపు తిరిగారు. తర్వాత మెల్లగా ఇంగ్లీషులో అన్నారు: “అది తేల్చేవాణ్ణి నేను కాదమ్మా. కొడుకు చచ్చిపోయాడని విన్నప్పుడు యాకోబు, ఏడుస్తూ షెయోల్‌కి నా బిడ్డ దగ్గరికే వెళ్తానన్నాడు. ఆ మాటలో మంట లేదు. నీ భర్తని దేవుడి చేతికి వదిలెయ్యి.”

రెండువేల మంది ఆడవాళ్ళు నా నోటివంక చూస్తున్నారు. సరే, నూటయాభై. ఇంత చప్పటి మాట నా నోటినుంచా? ఇన్నేళ్ళు కాచిన నూనె ఏమైపోవాలి?

“ఉన్నాడనే అంటున్నారమ్మా. బాప్తిస్మం లేనివాళ్ళకి అగ్నే అంటున్నారు.”

తెలుగు రాని ఆ పెద్దాయన, ఆమెకేసి ఆదరంగా తలూపారు.

“ఆయ్” అని ఆమె కూర్చుంది. ఏడవలేదు.

ఆ మరుసటి నెలనుంచి కరుణమ్మ ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం మానేసింది. రొట్టె పళ్ళెం పట్టుకెళ్ళే సంఘ పెద్దని నేనే. ఆమె పళ్ళేన్ని తాకకుండా పక్కావిడకి సైగచేసేది. ఏదో పాపం దాచిందని సంఘంలో గుసగుసలు. నేనూ అయ్యో పాపం అన్నట్టు తలాడించాను. రెండేళ్ళ క్రితం ఆమె తోటికోడలు అసలు సంగతి చెప్పింది. ఆ రొట్టె తీసుకుంటే తనని పరలోకానికి పంపేస్తారేమోనని కరుణమ్మ భయమట. భర్త ఉన్న చోటికే వెళ్ళాలట.

అది తెలిశాక కూడా రెండేళ్ళు నోరు మూసుకున్నాను. దేనికి భయపడ్డాను? నరకానికా? దాని పొయ్యి కట్టిన మేస్త్రీనే నేను. ‘మాస్టారు తర్జుమా తప్పు చెప్పేరంట’ అని నలుగురూ అనుకుంటారని. అంతే. అంత నీచమైన కారణం.

పోయిన వారం ఆమె ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కొబ్బరాకులు చీరి ఈనెలు తీస్తోంది. నిలబడే అంతా చెప్పాను, పెద్దాయన మాటలు ఒక్కొక్కటిగా. ఆమె చాకు కింద పెట్టింది.

“మళ్ళీ చెప్పండి.”

చెప్పాను.

“ఇంకోసారండి.”

చెప్పాను.

“ఇందులో మీ సొంతం ఏం కలపలేదు కదండీ?”

“లేదమ్మా.”

“ఆ పెద్దాయన ఉన్నారాండి, అడగడానికి?”

“పోయేరమ్మా.”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. చాకు తీసుకుని మళ్ళీ ఆకులు చీరసాగింది. కూర్చోమనలేదు, వెళ్ళమనలేదు.

నమ్మిందో లేదో తెలియదు. ఆమె స్థానంలో ఉంటే నన్ను నేను నమ్మను. అయినా ఆ వాకిలి దాటుతుంటే ఒళ్ళు తేలికైంది. ఆమెకి కాదు సుమండీ, నాకు. చూశారా, అదీ నేను.