చివరి రీలు లేని సినిమా

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు హాల్లో కిటికీ తెరలన్నీ లాగేసి, స్నేహితురాళ్ళతో కలిసి ఒక సినిమా పెట్టుకుంది. దయ్యం సినిమా అంటే వాళ్ళు ఒప్పుకోరు, దానికి ఇంకేదో పేరుంది. ఒక చిన్న ఊళ్ళో వయసు పిల్లలు ఒక్కొక్కరే హతమైపోతుంటారు. ఊరి చివర ఉండే ఒక ముసలామెను అందరూ మంత్రగత్తె అంటుంటారు. పేలాల గిన్నె ఇచ్చి వద్దామని వెళ్ళినదాన్ని గుమ్మం దగ్గరే ఆగిపోయాను. తెర మీద ఆ ముసలామె పెదవులు కదిలిస్తోంది. చంపేది ఆమేనా అని అడిగితే, మా మనవరాలు తల కూడా తిప్పకుండా, "కాదు అమ్మమ్మా. మొదటి నుంచీ ఆమె మీదే డౌట్ పెడుతున్నారంటే ఆమె కాదన్నట్టే" అంది. మిగతా పిల్లలంతా ఒకటో ఎక్కం విన్నట్టు తలలూపారు. ఇంత చిన్న సంగతి మా మానుకోటలో ఆ రోజుల్లో ఒక్కరికీ తెలియదు. తెలిసి ఉంటే మా మేనత్త పళ్ళు ఆమె నోట్లోనే ఉండేవి.

మా మేనత్త, అంటే మా బాపుకు అక్క, అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడ్డ ఏడు మా ఇంటికి వచ్చింది. ఆమెను మహదేవపూర్ దిక్కు ఒక పల్లెలో ఇచ్చారు. భర్త జ్వరంతో పోయాడు, పిల్లలు లేరు. ఒక రేకుపెట్టెతో మా దుకాణం ముందు దిగింది, మా అమ్మ వెనకగది చూపించింది, అంతే. కోమట్ల ఇంట్లో బొట్టు లేని ఆడదానికి పని తక్కువేమీ ఉండదు గానీ పిలుపులు మాత్రం ఉండవు. పెళ్ళికి పిలవరు, పేరంటానికి పిలవరు, ఎవరైనా ప్రయాణమైపోతుంటే ఆమే కాస్త పక్కకు జరిగి నిలబడాలి. అలా జరిగి నిలబడటం ఆమెకు ఎంత అలవాటైందంటే, మా ఇంట్లో పిల్లి ఎదురొచ్చినా ఆమే పక్కకు జరుగుతుందని మా బాపు విసుక్కునేవాడు. అప్పుడు నేను పలకా బలపం పట్టే వయసులో ఉన్నాను. బడి లేక వీధిలో పడి తిరుగుతున్న మమ్మల్ని ఆమె అరుగు మీద కూర్చోబెట్టి పాటలు నేర్పడం మొదలుపెట్టింది.

ఆమెకు వచ్చినన్ని పాటలు మా బజారులో ఎవరికీ రావు. బతుకమ్మకు ముందు పెళ్ళికాని పిల్లలు బొడ్డెమ్మ ఆడతారు కదా, పుట్టమన్ను తెచ్చి మెట్లు మెట్లుగా గద్దె చేసి, పూలు పెట్టి, పొద్దుగూకే వేళ చుట్టూ తిరుగుతూ పాడతారు. ఆమె ఆ చుట్టులోకి రాకూడదు. అందుకని అరుగు మీదే కూర్చుని చరణం అందుకునేది, మేము కింద తిరుగుతూ 'ఉయ్యాలో' అని పలికేవాళ్ళం. ఏడాది పొడుగునా మా వీధి వాళ్ళకు మేనత్త గుర్తొచ్చేది ఆ కొన్ని సాయంత్రాలే. మిగతా రోజుల్లో పప్పులో రాళ్ళు ఏరుతూ, చింతపండు గింజ తీస్తూ, పెదవులు మాత్రం ఆడిస్తూనే ఉండేది. ఏం గొణుగుతావు అత్తమ్మా అని అడిగితే, "పాట మరిస్తే మళ్ళ నేర్పెటోళ్ళు ఎవరున్నరు బిడ్డా, అందుకే నెమరేసుకుంట" అనేది.

నేను పదో తరగతికి వచ్చే ఏడు ఎండాకాలంలో రైలుపట్టాల అవతల బీడులో టెంటు టాకీసు పడింది. అందులో ఒక డబ్బింగు సినిమా వచ్చింది. కాలేజీ పిల్లలు అయిదుగురు కొండ మీద బంగళాకు సెలవులు గడపడానికి వెళతారు. అక్కడ తెల్లచీర కట్టుకున్న ఒక విధవ కిటికీలో నిలబడి వాళ్ళను చూస్తూ పెదవులు ఆడిస్తుంది. ఆమె పెదవులు ఆడినప్పుడల్లా ఒకరు కొడవలి వేటుకు పోతారు. ఒకరు పోయాక కూడా మిగతావాళ్ళు ఒంటరిగా పెరట్లోకి ఎందుకు పోతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎదురింటి దర్జీ ఆయనకు ఒక్కతే బిడ్డ, నా ఈడుది, నా చేతిని గోళ్ళు దిగేలా పట్టుకుని చూసింది. మాకు తోడొచ్చిన మేనత్త చాప మీద ఒరిగి సినిమా సగంలోనే నిద్రపోయింది. అసలు విషయం ఏమిటంటే, ఆ సినిమాకు చివరి రీలు లేదు. నర్సింహులపేటలో ఆడినప్పుడు కాలిపోయిందట. టెంటు ఆయన దానికేమీ మొహమాటపడలేదు. కిటికీలో విధవ పెదవులు ఆడిస్తుండగానే, వేరే ఏదో భక్తి సినిమాలోంచి తెచ్చిన 'శుభం' బొమ్మ వేసి లైట్లు వెలిగించాడు. ఊరంతా వారం పాటు చూసింది. చంపింది ఆ విధవేనని ఊరంతా నమ్మింది. ఇంకొకరి పేరు చెప్పే రీలు ఎవరికీ అందలేదు.

వానలు పడ్డాక జ్వరాలు మొదలయ్యాయి. దర్జీ ఆయన బిడ్డకు జ్వరం మెదడుకెక్కింది. వరంగల్ దవాఖానకు తీసుకుపోయిన పిల్ల ప్రాణంతో తిరిగి రాలేదు. ఆ తరువాత మా బడిలో ప్రార్థన సమయంలో ఒక పిల్ల కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ పడిపోయింది, కొన్నాళ్ళకు ఇంకొకతె. సినిమాలో మాదిరే ఒక్కొక్కరే అన్నారెవరో. అందరూ అరుగు కింద పాడిన పిల్లలే అన్నారింకెవరో. నాకు ఏమీ కాలేదు. అది కూడా మా మీదికే వచ్చింది, సొంత మేనకోడల్ని వదిలేసింది చూడండి అన్నారు. ఎక్కడి నుంచో ఒక మంత్రగాణ్ణి పిలిపించారు. అతను నిమ్మకాయలు కోసి, బొట్టు లేనిది, పెదవి ఆగనిది అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు. పేరు చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

మా దిక్కు ఒక ఆనవాయితీ ఉండేది. మంత్రం పళ్ళ మీదనే పలుకుతుందని, ముందు పళ్ళు లేకపోతే అక్షరం జారి మంత్రం పారదని నమ్మేవాళ్ళు. అందుకని అనుమానం ఉన్నవాళ్ళను పట్టుకుని రాయితోనో పట్టుకారుతోనో పళ్ళు రాలగొట్టేవాళ్ళు. చంపలేదు కదా అని దాన్ని దయ కింద కూడా జమకట్టేవాళ్ళు. మేనత్తకు కూడా అదే చేయబోతున్నారని, అమావాస్య దాకా ఆగుతున్నారని గిర్నిలో పిండి పట్టిస్తుంటే మా అమ్మ చెవిన పడింది. ఇంటికి వచ్చి పిండి డబ్బా దించకుండానే ఏడ్చింది. వదిన మీద మా అమ్మకు అంత ప్రేమ ఉందని ఆ రోజే తెలిసింది, బహుశా ఆమెకూ ఆ రోజే తెలిసి ఉంటుంది. బాపు ఠాణాకు పోదామన్నాడు, పోతే రేపు ఈ బజారులో దుకాణం తెరిచేదెట్లా అని తనే అన్నాడు. చివరికి భూపాలపల్లి దిక్కు చుట్టాలింటికి పంపిస్తానన్నాడు.

మేనత్త చింతపండు తీయడం ఆపలేదు. "నేను పోతె నిజమే అనుకుంటరు తమ్మీ. మంత్రగత్తె ఇంటి పిల్లను రేపు ఎవరు చేసుకుంటరు?" అంది. ఆ పిల్లను నేనే. బాపు తల వంచుకుని దుకాణంలోకి వెళ్ళి, ఎవరూ అడగని శనగపప్పు తూచుతూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున పంటినొప్పి అని చెప్పి నన్ను తోడు తీసుకుని వరంగల్ ప్యాసింజరు ఎక్కింది. నొప్పి అనే నేనూ నమ్మాను. మిద్దె మీద పళ్ళ డాక్టరు దీపం వేసి నోరంతా చూశాడు. పళ్ళు గట్టిగా ఉన్నాయి, ఏది నొప్పి అని అడిగాడు. ముందువి తీసేయమంది, పైవీ కిందివీ. ఆయన అద్దాలు తీసి ఆమె ముఖంలోకి చూసి, మంచి పళ్ళు తీయడం తన వల్ల కాదన్నాడు. అప్పుడు మేనత్త ఎంతో నెమ్మదిగా, బేరం ఆడుతున్నట్టు కూడా కాకుండా, అర్థం చేసుకొమ్మన్నట్టు చెప్పింది.

"మీరు తియ్యకపోతె వాళ్ళు రాయితోని తీస్తరు సారూ. మీరైతే మందు పెట్టి తీస్తరు గద."

ఆయన అద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. తరువాత నన్ను బయట కూర్చోమన్నాడు. బయట బల్ల మీద కూర్చుని నేను ఏడ్చిన ఏడుపు ఇంకెప్పుడూ ఏడవలేదు. లోపలి నుంచి మాత్రం ఏ శబ్దమూ రాలేదు. తిరుగు రైలులో ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. పెదవులు ఆడటం లేదు. అది చూసి నాకు భయమేసింది. పక్కనే ఉండి కూడా అంత దూరంలో కూర్చున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మానుకోట స్టేషనులో దిగాక కొంగు తీసేసింది. బజారు మధ్యలోంచి నడిచి దర్జీ దుకాణం ముందు ఆగింది. బిడ్డ పోయినప్పటి నుంచీ ఆయన మా ఇంటి వైపు చూడటం మానేశాడు. అమావాస్య సంగతి మొదట ఎత్తింది ఆయనేనని అమ్మ చెప్పింది. నేను ఆయన్ని కూడా తిట్టుకోలేను. అంత పిల్ల పోతే ఎవరో ఒకరు చేసి ఉండాలని అనిపిస్తుంది మనిషికి. మేనత్త నోరు తెరిచి చూపించింది. దూది ఇంకా ఎర్రగానే ఉంది. "చూసుకో అన్నా. ఇగ మీరు రావలసిన పని లేదు" అంది, మాటలు సగం గాలిగా పోతుండగా. ఆయన మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపాడు. తల మాత్రం ఎత్తలేదు.

ఆ తరువాత బడిలో పిల్లలు పడిపోవడం ఆగిపోయింది. అప్పుడే జ్వరాలని బడికి సెలవులిచ్చారు, ఎవరి ఇళ్ళలో వాళ్ళు తిని పడుకున్నారు కాబట్టి ఆగిందని నేననుకుంటాను. ఊరికి మాత్రం రుజువు దొరికింది. పళ్ళు పోయాయి, మంత్రం పోయింది, ఇక ఆమెతో భయం లేదు అనుకుని ఆడవాళ్ళు మళ్ళీ మా ఇంటికి పచ్చళ్ళ కొలతలు అడగడానికి వచ్చారు. నవ్వుతూ మాట్లాడారు కూడా. ఆ ఏడు బొడ్డెమ్మ దగ్గర అరుగు మీద ఆమె లేదు. వెనకగది తలుపు దగ్గరగా వేసి ఉంది. చరణం ఎత్తేవాళ్ళు లేక మా పాట నాలుగు చుట్లకే అయిపోయింది.

నాకు జనగామ సంబంధం కుదిరింది. పెళ్ళయిన కొన్నేళ్ళకు అక్కడ ఒక హాలులో పాత సినిమాలు ఉదయం ఆట వేస్తుంటే, పోస్టరు మీద ఆ కిటికీ, ఆ తెల్లచీర కనిపించాయి. మా ఆయన్ని బలవంతం చేసి వెళ్ళాను. చివరి రీలు ఉంది. చంపింది ఆ పిల్లలతో వచ్చిన ప్రొఫెసరే. ఆ విధవ కిటికీలో నిలబడి ఏమంటోందో చివర్లో వినిపించారు. పారిపోండి అంటోంది. నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే, దయ్యం సినిమాకు ఏడ్చే మనిషిని ఎక్కడా చూడలేదని మా ఆయన పరేషాన్ అయ్యాడు.

ఆ ఏడు బొడ్డెమ్మ రోజుల్లో పుట్టింటికి వెళ్ళి మేనత్తకు కథంతా చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని చివరిదాకా విన్నది. తరువాత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "గీ ముచ్చట జర ముందుగాల తెలిస్తే నా పండ్లు నాకుండు గద బిడ్డా" అంది. నవ్వు ఆగాక తలుపు గొళ్ళెం పెట్టమంది. బయట పిల్లలు పాడుకుంటున్నారు, వాళ్ళకు రెండు పాటల కంటే రావు. మేనత్త ఒక చరణం ఎత్తబోయింది. మాటలు జారిపోయాయి, ఆగిపోయింది. ఆ చరణాన్ని నేనే ఎత్తాను. ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసి, "ఉయ్యాలో" అంది. ఆ ఒక్క మాట ఏమీ చెడకుండా, మా చిన్నప్పటి గొంతులాగే వచ్చింది. చీకటి పడేదాకా నేను చరణం ఎత్తుతుంటే ఆమె ఉయ్యాలో అంటూ కూర్చుంది.

మొన్న మా మనవరాలి సినిమా చివర్లో ముసలామె నిర్దోషి అని తేలింది. చూశావా అమ్మమ్మా, నేను చెప్పలేదా అని పిల్ల గర్వపడింది. చూశానే తల్లీ అన్నాను. కాలం అన్నీ తేలుస్తుందంటారు, తేలుస్తుంది కూడా. కానీ మనిషి నోట్లో పళ్ళుండగానే వచ్చి చెప్పాలన్న తొందర దానికి ఎప్పుడూ ఉండదు.