ఎస్తేరక్క కాల్చిన గాజులు

మొన్న పొద్దున మంచిర్యాల బస్టాండు పక్కన టీ కొట్టతను పొయ్యిలో పచ్చిబొగ్గు పోసి రాజేశాడు. చిక్కటి పొగ లేచింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా ముక్కులు మూసుకుని దూరం జరిగితే నేను మాత్రం దగ్గరికి జరిగాను. "నీకేమన్న పిచ్చా నానమ్మా?" అంది మనవరాలు. ఉండొచ్చు. ఆ ఘాటు తగిలితే నాకు గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుస, అందులో ఏడో నంబరు ఇంటి పెరడు, అక్కడ మసిచేతులతో నవ్వే ఎస్తేరక్క కనిపిస్తుంది. ఆ మనిషిని ఎరగనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

డెబ్బైల మొదట్లో, రామగిరి దగ్గరి మా పల్లె నుంచి ఆ వరుసలోని పద్నాలుగో నంబరుకి కొత్త కోడలిగా వచ్చాను. మా ఆయనకు బొగ్గుబాయిలో పని. ఎస్తేరక్క దవాఖానలో నర్సు, ముసలి తల్లితో ఉండేది. డ్యూటీ దిగితే చాలు, తెల్లచీర మార్చేసి పెరట్లో చేరేది. పెచ్చులూడాయని దవాఖానవాళ్ళు పారేసిన తెల్ల ఎనామిల్ పళ్ళేలు తెచ్చుకునేది. పగిలిన గాజులను రంగుకు రంగు విడదీసి, ఇనుప రోట్లో మెత్తగా దంచి, పలచటి గుడ్డలో జల్లించి, తుమ్మబంక నీళ్ళతో పళ్ళెం మీద అద్దేది. ఆరాక తను కట్టుకున్న ఇటుకల బట్టీలో కాల్చేది. గాజుపొడి కరిగి పళ్ళేన్ని పట్టుకుని నిగనిగలాడేది. చేపలు, తంగేడుపూలు, తట్ట ఎత్తుకున్న ఆడమనిషి, ఏది తోస్తే అది. సగానికి సగం చెడిపోయేవి. ఎందుకు చెడిందో వెనకవైపు సుద్దముక్కతో రాసి గోడకు ఆనించి పెట్టేది. నేనేమో మాడిన అన్నాన్ని ఎవరూ చూడకముందే కుడితిలో కలిపేసే రకం.

"గింత కష్టమెందుకక్కా? ఇంట్ల దేనికన్న అక్కరకొస్తదా?" అని అడిగాను ఒకసారి.

"చూసెతందుకు అక్కరకొస్తది," అంది. "అది చాలదా, సరోజా?"

ఒక శుక్రవారం క్వార్టర్లు చూసే ఆఫీసరు వచ్చి బట్టీ ముందు ఆగాడు. "దీనికి అనుమతి లేదు. తీయించేస్తాను" అన్నాడు. అక్క ముఖంలో నవ్వు మాయం కావడం నేనప్పుడే మొదటిసారి చూశాను. ఏళ్ళ తరబడి నేర్చుకున్నదంతా ఆమెకు ఆ ఇటుకల మధ్యే ఉంది.

"సారూ, ఇండ్ల మీది నంబర్లు ఏటా వానకు కొట్కపోతున్నయి. నేను కాల్చిస్త. బొగ్గుదుమ్ము వడ్డా తుడిస్తె కనవడ్తయి," అంది.

ఆయన గుమ్మం మీద వెలిసిపోయిన అంకె వైపు చూశాడు. "సోమవారం ఒకటి చూపించండి. తెల్లదాని మీద ఆకుపచ్చ అంకె. శుభ్రంగా ఉంటే బట్టీ ఉంచుకోండి. లేదంటే గడ్డపారలతో మనుషులొస్తారు."

ఆదివారం నాడు మా ఇంటి నంబరు అద్ది బట్టీలో పెట్టింది. "నేను చర్చికి పోయొస్త. నిప్పు మంచిగున్నది. నువ్వేం చెయ్యకు, ఉత్తగ చూస్కుంట కూసో," అని వెళ్ళింది. కూర్చున్నాను. నిప్పు సన్నబడ్డట్టు అనిపించింది. మా వరుసలో ఏ ఆడమనిషీ పొయ్యిని అలా చూస్తూ ఊరుకోదు. బొగ్గుకు కరువా? ఒక తట్టెడు పచ్చిబొగ్గు కుమ్మరించాను. బట్టీ అంతా పొగ కమ్మింది.

అక్క వచ్చి పట్టకారుతో పళ్ళెం బయటికి తీసింది. తెలుపు బూడిదరంగుకు తిరిగింది. ఆకుపచ్చ అంకె ఎర్రబారి, అంచుల్లో మాత్రమే పచ్చదనం మిగిలింది.

"నీ బట్టీ నేనే కూలగొట్టిన అక్కా," అని ఏడ్చాను.

ఆమె పళ్ళేన్ని ఎండలోకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పింది. తర్వాత పగలబడి నవ్వింది. "ఏడ్వకు పిల్లా. ఎర్ర గాజులు ఎన్నిసార్లు కాల్చినా మట్టిరంగే వచ్చె. మూడేండ్ల సంది ఎరుపు కోసం సస్తున్న. పొగ తాకితె పచ్చ గాజే ఎర్రగైతదని నాకేమెర్క?"

సోమవారం సంగతి పక్కనపెట్టి, దాన్ని అలాగే మా గుమ్మానికి కొట్టింది. సాయంత్రానికి వరుసంతా మా ఇంటి ముందే. "నా నంబరు నా గాజులతోనే చెయ్యక్కా" అని ఒకామె మొదలుపెట్టింది. ఇక చూడాలి, కొంగుల్లో గాజుముక్కలు మూటకట్టుకుని అందరూ తయారు. చిట్టచివర ఇరవై ఒకటో నంబరు లచ్చవ్వ వచ్చింది. అంతకుముందు ఏడు ఆమె పెనిమిటి బాయిలో చనిపోతే కొడుక్కి ఆ నౌకరీ ఇచ్చారు. పదోనాడు పగలగొట్టిన గాజుల ముక్కలను ఆమె దాచుకుంది.

"ఇవి పనికొస్తయా బిడ్డా?"

మాలో ఇద్దరు ముగ్గురు వెనక్కి జరిగారు. "మంచిగొస్తయి అవ్వా," అంది అక్క. మర్నాడు పొద్దున్నే ఆమె నంబరే మొదట కాల్చింది.

అన్నట్టుగానే ఆ సోమవారం మధ్యాహ్నం ఆఫీసరు వచ్చి మా గుమ్మం వైపు చూసి ముఖం చిట్లించాడు. "నేను అడిగింది ఆకుపచ్చ." అక్క నోరు విప్పేలోపే లచ్చవ్వ తన పళ్ళేన్ని గుండెలకు ఆనించుకుని ముందుకొచ్చింది. "మా ఆయన పోయినప్పుడు పలగ్గొట్టిన గాజులు సారు ఇవి. ఇగ పోయినయే అనుకున్న. ఈ బిడ్డ నా ఇంటికి తొడిగింది."

ఆయన ఆ అంకెను వేలితో తుడిచి చూశాడు. "ఈ వరుసలో ఎన్ని ఇళ్ళమ్మా?"

"ఇరవై నాలుగు సారు," అంది అక్క.

"అన్నీ చేసేయండి," అని వెళ్ళిపోయాడు. ఆ రోజు అందరం బట్టీ దగ్గరే ఉండిపోయి, మా వరుసలో ఏ ఇంట్లోనూ వేళకు వంట కాలేదు.

ఎస్తేరక్క రిటైరయ్యి రామకృష్ణాపూర్ వెళ్ళింది, అక్కడే కన్నుమూసింది. ఆమె దగ్గర నేను నేర్చుకున్నదేమిటో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నాలుగేళ్ళ క్రితం మా ఆయన పోయారు. పదోనాడు చుట్టాలు నా చేతులు పట్టుకున్నారు. "ఆగండి" అన్నాను. మాడిన అన్నాన్ని ఎవరికీ కనపడకుండా దాచేసిన ఆ సరోజే అంత గట్టిగా అందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. "ఇవి నా గాజులు. ఎవ్వరూ ముట్టద్దు." వాళ్ళు నా చేతులు వదిలేశారు. అవే ఆకుపచ్చ గాజులు ఇది రాస్తుంటే కాగితానికి తగిలి చప్పుడు చేస్తున్నాయి.