ముందుగాల బయలెల్లిన పెట్టె

మా బిడ్డ వీసా కాయితంల ఒక తారీఖు ఉండె. ఆ తారీఖు లోపల ఆస్ట్రేలియాల కాలు పెట్టాలె. ఒక్క దినం దాటినా కాయితం చెల్లదు, మళ్ల మొదటికెంచి అర్జీ పెట్టుకోవాలె. నాకు సంతకం తప్ప సదువు రాదు. ఇది గూడ నేను నోటితోని చెప్తుంటే రాస్తున్నరు. కాని ఆ తారీఖు మాత్రం నాకు నిద్రల లేపి అడిగినా వచ్చేది.

పెండ్లయి ఏడాది దాటింది. అల్లుడు సెలవు మీద వచ్చి తాళి కట్టి, పదహారు రోజుల పండుగ గాకముందే పోయిండు. ఆడ ముసలోళ్లను పెట్టుకునే ఇంట్ల ఆయనకు పని. పెండ్లాన్ని పిలిపిచ్చుకునే వీసాకు అంతకాలం పట్టింది. ఫోటోలు అడిగిండ్రు, పెండ్లి కార్డు అడిగిండ్రు, ఇద్దరు రోజు మాట్లాడుకుంటరా అని సాక్ష్యం అడిగిండ్రు. మా ఆయన నవ్విండు. "ఇన్నేండ్ల కాపురంల మనం మాట్లాడుకున్నదానికి సాక్ష్యమేడిదే? మనకైతే ఇయ్యకపోదురు వీసా" అన్నడు.

ఎండకాలంల వచ్చింది వీసా. ఎంబడే పోతే ఏ పరేషాన్ లేకపోవు. కాని మా వియ్యపురాలు కోదాడామె. అన్నిటికి పంచాంగం సూస్తది. అప్పుడు మూఢం నడుస్తున్నది, శుక్రుడు కనబడని రోజులు, ఆడపిల్లను అత్తగారింటికి తోలొద్దన్నది. మూఢం ఇడిచినంక మంచిరోజు ఒక్కటే ఉండె, మర్నాటికెల్లి ఆషాడం. ఆ ఒక్కరోజుకు ఇమానంల సీట్లు దొరకలే. ఆషాడంల కొత్త మొగుడుపెండ్లాలు ఒక కప్పు కింద ఉండొద్దు. ఆషాడం పోయేదాక ఆగుదామంటే తారీఖు దాటిపోతది.

మా ఆయన వియ్యపురాలికి ఫోన్ చేసిండు. "వదినమ్మ, గాడ ఇప్పుడు సలికాలమట. మనకు ఎండకాలమైతే వాళ్లకు సలి. గసొంటి దేశంల మన ఆషాడం ఏడికెల్లి వస్తది?"

"నవ్వులాటకి కాదండి అన్నయ్యగారూ. కాపురమే మొదలు కాలేదు, పిల్ల ఇంకా కొత్త కోడలే. ప్రస్థానం పెడదాం" అన్నదామె.

ప్రస్థానం అంటే, మంచిరోజున పోయేటామె సామాను తీస్కపోయి ఇంకొకరి ఇంట్ల పెడ్తరు. సామాను గడప దాటింది గనుక మనిషి గూడ బయలెల్లినట్టే లెక్క. ఆ తర్వాత ఏ రోజు పోయినా దోషముండదు. మాది సూర్యాపేట, మార్కెట్ యార్డు ఎనక గల్లి. ఎదురింట్ల బట్టలు కుట్టే ఆమె ఉంటది. ఆమె ఇంట్ల పెడ్తమని అడిగితే, "పెట్టండక్క, మిషన్ పక్కన జాగ ఉన్నది" అన్నది.

ఆ మంచిరోజు పొద్దుగాల నేను బిడ్డకు ఒడిబియ్యం పోసిన. పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి, వక్కలు, ఖర్జూరాలు. ఐదు దోసిళ్లు పోసిన. మొగోళ్లు పొయ్యరు. మా ఆయన పక్కన నిలబడి సూసి సూసి, తనొక దోసెడు తెచ్చి బిడ్డ ఒళ్లె పోసిండు.

"అయ్యో, సరి పడ్డది! బేసి ఉండాలె!" అన్నది మా తోటికోడలు.

"యార్డుల జిందగంత మంది బియ్యం మోసిన. నా బిడ్డకు ఒక్క దోసెడు పొయ్యొద్దా?" అన్నడు.

ఆయన హమాలి. బియ్యం మూట కట్టి పెట్టెల పెట్టినం. చక్రాలున్న పెట్టె అది, గుంజుకపోవచ్చు. ఆయన గుంజలే. బస్తా ఎత్తినట్టు భుజం మీదికి ఎత్తుకొని గల్లి దాటి ఎదురింట్ల దించి వచ్చిండు. "పోయింది నీ బిడ్డ" అన్నడు నాతోని.

వారం దాటిందో లేదో, యార్డుల లారి దించి, నీళ్లు తాగుదామని బస్తాల మీద కూసున్నడట. మళ్ల లేవలే. దవాఖానకు తీస్కపోయేవరకే అయిపోయింది. మంది వచ్చి చెప్పినప్పుడు నేను దోసకాయ పప్పు తాలింపు పెడ్తున్న. పొయ్యి బంద్ చేసిన. గిన్నె మీద మూత పెట్టిన. ఏడుపు రాలే. పప్పు సల్లారిపోతదని ఒక్కటే అనుకున్న.

మాకు కొడుకులు లేరు. మరిది తలకొరివి పెట్టిండు. నన్ను మూలకు కూసోబెట్టిండ్రు. సరి దోసిళ్ల ముచ్చట ఎవరో గుసగుసలాడుకున్నరు. ఇన్న.

బిడ్డ ఇమానం ఐదో దినానికి ఉన్నది. ఆ ఎనక రెండో దినమే తారీఖు. పదోదినం గావాలంటే ఇంకా ఎన్నో దినాలు.

మూడోనాడు పిట్టకు ముద్ద పెట్టి వచ్చినంక అందరు వాకిట్ల కూసున్నరు. మా అన్న మిర్యాలగూడల రైసుమిల్లు కాడ ఉంటడు, ఆయనే పెద్ద. "తండ్రి పదోదినం గాకుండ బిడ్డ ఇమానం ఎక్కుతదా? లోకం ఉమ్మదా మన మొఖం మీద?" అన్నడు.

వియ్యపురాలు మెల్లగ అన్నది. "పెళ్లయిన పిల్లకి తండ్రి మైల మూడు రోజులేనండి. ఇవాళ్టితో తీరిపోయింది. పెట్టె కూడా ముందే బయటుంది. ఈ చావు ఆ ప్రయాణానికి అంటదు."

"నిన్నమొన్నటి దాక మూఢం, ఆషాడం అని ఆపింది నువ్వే గదమ్మా!"

"నేనే ఆపాను. ఇప్పుడు పంపమని కూడా నేనే అంటున్నాను."

మూడు రోజులే అనేది మా అన్నకు తెల్వనిదేం గాదు. అందరికి తెలుసు. బిడ్డ తలుపు కాడ నిలబడ్డది. "నేను పోను. నాన్న పదోదినం ఎళ్లినంకనే. వీసా పోతే పోనీ" అన్నది.

"పోతే మళ్ల ఏడాదే బిడ్డ. ఇస్తరో ఇయ్యరో" అన్నడు మా మరిది.

"ఇయ్యకపోతే అమ్మ కాడ ఉంట."

మూలకెల్లి నేను మాట్లాడొద్దు. మాట్లాడిన. "పో" అన్న.

అందరు నా దిక్కు తిరిగిండ్రు.

"నీ అయ్య ఆ పెట్టెను భుజం మీద దాటిచ్చిండు. దాన్ని మళ్ల ఈ ఇంట్లకు ఎవలు మోస్తరు? పో."

నా గొంతు నాకే రాయి లెక్క ఇనబడ్డది. బిడ్డ తలుపు ఇడిచి లోపలికి పోయింది. మా అన్న తువ్వాల దులిపి భుజానేసుకొని బయటికి పోయిండు.

పోయే పొద్దు బిడ్డ వచ్చి నా పక్కన సాప మీద కూసున్నది. పదోదినం దాక నాకు బొట్టు, గాజులు ఉంటయి. ఒక్కొక్క గాజు తిప్పింది.

"ఇవి తీసేటప్పుడు నేను ఉండకపోతినే అమ్మ."

"ఉండకు. గిట్లనే యాదుంచుకో" అన్న.

నేను గడప కాడికి రావద్దు, పోయేటోళ్లకు ఎదురు పడొద్దు. మా తలుపు ఓరగ ఏసిండ్రు. బిడ్డ ఎదురింటికి పోయి, ఆడికెల్లే కారెక్కింది. డిక్కీ మూసిన సప్పుడు ఇన్న. కారు గల్లి మలిగిన సప్పుడు ఇన్న. తర్వాత కుట్టుమిషన్ నడిచింది, ఎవరిదో జాకెట్ అర్జెంటున్నదేమో. చానసేపు అదే ఇన్న.

మర్నాడు ఫోన్ వచ్చింది. "దిగిన అమ్మ. లోపలికి పంపిండ్రు." తారీఖుకు దినం ముందే పోయింది. "మంచిది" అన్న. సంతోషం కాలే. ఏడుపు గూడ రాలే.

పదోదినం గాజులు తీసిండ్రు. అది చెప్పేదేం లేదు, అందరికి తీసినట్టే తీసిండ్రు.

ఆ ఎనక ఎదురింటామె వచ్చి కొంగుకెల్లి ఒక మూట తీసి నా ముందట పెట్టింది. ఒడిబియ్యం మూట.

"పోయేముందు పెట్టె ఇప్పి తీసింది అక్క. గాడ ఇమానం దిగంగనే తినేటియి గుంజుకొని పారేస్తరని అల్లుడు చెప్పిండట. నాన్న పోసిన బియ్యం చెత్తల పడొద్దన్నది. నువ్వు మూలకెల్లి లేచినంక ఇయ్యుమన్నది."

ఒడిబియ్యం పుట్టింట్ల ఉండొద్దు. అత్తగారింట్లనే వండాలె. నిద్రకు తీస్కపోతనని మా అన్న వచ్చిండు, దినాలయినంక ఒకరాత్రి తోడబుట్టినోళ్ల ఇంట్ల పండుకునేది ఉంటది. "మిర్యాలగూడ బస్సు వద్దన్నా, కోదాడ మీదికెల్లి పోదాం" అన్న.

"గింత సుట్టా? ఎందుకు?"

మూట సూపెట్టిన. కోదాడ బస్సు ఎక్కినం. మూట ఒళ్లె పెట్టుకున్న. హైవే మీద లారీలు పోతున్నయి, బియ్యం బస్తాలే ఏసుకొని. సూసిన, అంతే.

వియ్యపురాలి గేటు కాడ నేను ఆగిన. కొత్తగ ముండమోసినదాన్ని, ఆషాడమింకా ఎళ్లలే, గల్లిల ఆడోళ్లు సూస్తున్నరు. మూట గేటు మీదికెల్లి అందియ్యబోయిన. ఆమె తీసుకోలే. గేటు తీసి, కొంగు రెండు చేతుల పరిచి పట్టింది. "నా కోడలికి పోసినవి. ఒళ్లో పొయ్యండి వదినగారూ" అన్నది.

"నేను పొయ్యొద్దు వదినా."

"ఇదివరకే పోశారుగా. ఇప్పుడు ఇస్తున్నారంతే."

పోసిన. లోపలికి తీస్కపోయింది. ఖర్జూరాలు, వక్కలు ఏరి పక్కన పెట్టింది, బియ్యం కడిగి వండి పులిహోర కలిపింది. ఫోన్ కలిపింది, ఆడ అల్లుడు ఎత్తితే తెర మీద బిడ్డ కనబడ్డది, సలికి సెట్టర్ ఏసుకున్నది, నోట్లకెల్లి పొగ వస్తున్నది. అత్త పల్లెం దగ్గరికి పెట్టి సూపిచ్చింది.

"అమ్మకు పెట్టు అత్తమ్మ ముందుగాల."

నాకు, మా అన్నకు ఇస్తరాకులు ఏసిండ్రు. మా అన్న తలొంచుకొని తిన్నడు. నేను గూడ తిన్న.

"ఎట్లుందే అమ్మ?" అన్నది బిడ్డ.

ఉప్పు తక్కువున్నది. "మంచిగున్నది" అన్న. మళ్లొక్కసారి ఏపిచ్చుకున్న.