నీళ్లు పోయే తొవ్వ

మొన్న మా పక్కింటివాళ్లు పాత కిటికీలకు అద్దాలు మార్పిస్తుంటే, మేస్త్రీ వాకిట్లో గొంతుక్కూర్చుని సుద్దపొడిలో అవిసెనూనె పోసి లప్పం పిసుకుతున్నాడు. ఆ వాసన గోడ దాటి మా వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా కారిపోయేదాకా నేను గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఇప్పుడు లప్పం వాడేవాళ్లు తక్కువ, ట్యూబులో వచ్చే తెల్ల జిగురేదో పూసి పోతున్నారు, దానికి పులిసిన వాసన తప్ప ఇంకేమీ ఉండదు. లప్పం వాసన వస్తే మాత్రం నాకు మళ్లీ పదేళ్లు. గౌను జేబులో సుద్దముక్క వేసుకుని, తలుపులన్నీ మూసిన వ్యాన్‌లో ఉక్కపోతకు చెమటలు కక్కుతూ, పైకప్పు కేసి చూస్తూ కూర్చున్నట్టే ఉంటుంది.

మా ఇల్లు సైదాబాద్‌లో ఉండేది. ఇంటికంటే ఇంటి ముందు ఆగిన వ్యానే పెద్దగా కనపడేది. బాపు దాన్ని ఎవరో బేకరీవాళ్ల దగ్గర పాతది కొన్నాడు, నేను పుట్టేనాటికే అది ముసలిది. పైన నీలం రంగు వేయించినా ఎండాకాలం తలుపు తీస్తే లోపలినుంచి బన్నుల వాసన వచ్చేది, వానాకాలం తుప్పు వాసన వచ్చేది. అఫ్జల్‌గంజ్‌లో కాగితాల దుకాణం సేటు దగ్గర నోటుబుక్కుల కట్టలు ఎక్కించుకుని ఊళ్లోని బడులకు చేర్చడం బాపు పని. మిగతా నెలల్లో పెళ్లిసామానో కూరగాయలో ఏది దొరికితే అది మోసేవాడు గానీ మా ఇల్లు నడిచేది జూన్, జులై నెలల మీదే. బడులూ వానలూ ఒకే వారంలో మొదలయ్యే ఊళ్లో బుక్కులు మోసే బండి ఉరిస్తే ఇంకేముంది? తడిసిన కట్టను బడివాళ్లు తీసుకోరు, సేటు వాపసు తీసుకోడు, అది తిన్నగా మా ఇంటికే వస్తుంది. అందుకే నా నోటుబుక్కులన్నిటికీ అంచుల్లో చాయ్ రంగు మరకలు, ఉబ్బిన కాగితాలు, రాస్తే పక్కకి పాకిపోయే సిరా. క్లాసులో నన్ను వానబుక్కుల పోరి అనేవాళ్లు. ఏడ్చుకుంటూ ఇంటికొస్తే బాపు లేచి వెళ్లి వ్యాన్ చుట్టూ ఒకసారి తిరిగొచ్చేవాడు.

మే నెల చివర్లో, అమ్మ వ్యాన్ పైకప్పు మీద ఆరబెట్టిన వడియాలు ఎత్తేశాక, మా ఇంట్లో ఒక పండగ లాంటి పని ఉండేది. పండగంటే చుట్టాలూ పిండివంటలూ ఏమీ లేవు. మిరుగం లోపల, అంటే చేపలపులుసు తిని ఇక వాన ఎప్పుడైనా రావచ్చని అందరూ ఆకాశం చూసే రోజు లోపల, బండి ఎక్కడ ఉరుస్తుందో పట్టుకోవాలి. బాపు చెప్పులు బయట విడిచి లోపలికెక్కి, నేలంతా పొడి న్యూస్‌పేపర్లు పరిచేవాడు. అమ్మా నేనూ సుద్దముక్కలతో లోపల కూర్చుంటే, ఆయన బయటినుంచి తలుపులేసి, చెంబుతో నీళ్లు పోయడం మొదలుపెట్టేవాడు. ఎక్కడ చుక్క కనపడితే అక్కడ మేము గీత గీయాలి. నీళ్లు పోయడానికి ఒక పద్ధతుండేది. ముందు తలుపుల కింద, తరవాత అద్దాల చుట్టూ రబ్బరు మీద, ఆఖరికి పైకప్పు అతుకుల మీద, క్యారియర్ బోల్టుల మీద.

"నీళ్లు ఒక కాడ సొస్తయ్, ఇంకో కాడ కనవడ్తయ్ బిడ్డా. పైన పోస్తే అంత తడుస్తది, ఏడ సొచ్చిందో ఎర్క కాదు. కిందికెల్లి పైకి పోవాలె" అనేవాడు. బాపు నాకు నేర్పిన చదువు ఇదొక్కటే, దాన్ని నేను బాగా వంటబట్టించుకున్నాను.

అమ్మ కళ్లు మూసుకుని చెవితోనే పట్టేసేది. కాగితం మీద టప్ మనే చప్పుడు రాకముందే "గాడ, అద్దం మూలకు" అని చేయి చూపించేది. నాకు అంత ఓపిక లేదు, నా గౌనంతా సుద్దే. గీతలన్నీ అయ్యాక బాపు లోపలికొచ్చి తలెత్తి చూసి, "అబ్బో, బండికి ముగ్గేసిన్రు తల్లీబిడ్డలు" అని నవ్వి, లప్పం పిసకడానికి కూర్చునేవాడు.

నాకు పదేళ్లప్పుడు, అద్దాలూ పైకప్పూ అయిపోయాక, సేటు దగ్గర నుంచి కబురొచ్చి బాపు వెళ్లాడు. అమ్మ వంటలో ఉంది. పళ్లెంలో ఇంకా గుప్పెడు లప్పం మిగిలింది. కిందినుంచి పైకి పోవాలె అన్నది నా బుర్రలో ఉంది కదా, ఇంత కింద ఎవరూ చూసి ఉండరని నేల మీద వెల్లకిలా పడుకుని వ్యాన్ కిందికి దూరాను. పక్క తలుపు గడప కింద, రేకు మడతలో, బఠాణీ గింజంత చిల్లులు ఐదు కనపడ్డాయి. పొద్దున పోసిన నీళ్లు ఇంకా వాటిలోంచి చుక్కచుక్కగా పడుతున్నాయి. ఇంత పెద్ద ఉరుపును ఇన్నేళ్లుగా ఎవరూ పట్టలేదని నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది. ఐదింటినీ లప్పంతో మెత్తి, ఒక్కోదాన్ని బొటనవేలితో గట్టిగా అదిమాను. బాపుకు చెప్పలేదు. వానలు పడి, బండి ఉరవకుండా ఉండి, బాపు ఆశ్చర్యపోయినప్పుడు చెప్దామనుకున్నాను.

ఆ ఏడు నిజంగానే ఒక్క చుక్క ఉరవలేదు. నాకు మరకలేని నోటుబుక్కులు వచ్చాయి. బోనాల ఆదివారం సందులన్నీ వేపమండలతో పచ్చగా ఉంటే, బాపు మమ్మల్ని వ్యాన్‌లో ఎక్కించుకుని చార్మినార్ దాకా తిప్పాడు, అమ్మ గాజులు వేయించుకుంది, వచ్చేటప్పుడు వాన దంచుతుంటే లోపల పొడిగా కూర్చుని పొట్లంలో మక్కగారెలు తిన్నాం. గల్లీ పిల్లలందరం సెలవు దినాల్లో ఆ వ్యాన్‌లోనే దాగుడుమూతలు ఆడాం. ఆ సంతోషంలో చిల్లుల సంగతి నేను మరిచేపోయాను. ఆ మరుపును నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మూడో వానాకాలంలో, ఒక బడి గేటు ముందు కట్టలు దించుతుంటే, పక్క తలుపు దగ్గర బండి నేల బాపు కాలి కింద అప్పడంలా విరిగింది. కాలు మోకాలిదాకా దిగబడి పిక్క చీరుకుపోయింది. కట్టలన్నీ జారి రోడ్డు మీది వాననీళ్లలో పడ్డాయి. మర్నాడు ఆదివారం, బాపు కుంటుతూ బండిని అఫ్జల్‌గంజ్ వెనక, బండ్ల రేకులు సరిచేసే డెంటర్ల గల్లీకి తీసుకెళ్లాడు. మారాం చేసి నేనూ వెళ్లాను. ఖదీర్ చాచా ఎన్నో ఏళ్లుగా మా బండికి రేకుపని చేసేవాడు, నన్ను చూస్తే చాయ్ సాసర్లో పోసి ఇచ్చేవాడు. ఆయన గడప రేకు కోయగానే బిందెడు నల్లనీళ్లు భళ్లున కిందపడ్డాయి. అద్దాల సందుల్లోంచి, తలుపు లోంచి జారే వాననీళ్లు బయటికి పోవడానికే కంపెనీవాళ్లు ఆ చిల్లులు పెడతారట. పోయే దారి లేక నీళ్లు రెండేళ్లు లోపలే నిలిచి, నేలనూ, నేలను మోసే ఇనుపకమ్మీలనూ తినేశాయి.

చాచా ఒక లప్పం బిళ్లను ఊడబెరికి అరచేతిలో పెట్టుకుని చూశాడు. రాయిలా గట్టిపడింది, నా బొటనవేలి గీతలు అట్లాగే ఉన్నాయి.

"కౌన్ బంద్ కరా భాయ్ ఇసే? యే తో పానీ జానే కా రాస్తా హై." ఎవరు మూశారు దీన్ని, ఇది నీళ్లు పోయే తొవ్వ కదా అంటున్నాడు.

బాపు కూడా ఆ బిళ్లను చూశాడు. తరవాత నావైపు చూడలేదు, అసలు చూడకుండా ఉండటానికే అన్నట్టు తల పక్కకి తిప్పుకున్నాడు.

"మైచ్ కరా భాయ్. మాలూమ్ నై థా" అన్నాడు. నేనే మూశాను, తెలియక.

చాచా బాపు బొటనవేలిని చూశాడు, బిళ్ల మీది చిన్న వేలిగీతలను చూశాడు, బిళ్లను చెత్తలోకి విసిరేశాడు. నేను తేలు కుట్టిన దొంగలా చాయ్ సాసరు పట్టుకుని నిలబడ్డాను. మంచికి పోతే చెడు ఎదురైందని పెద్దవాళ్లు అంటారు, ఎదురైంది నాకు కాదు, మా బాపుకు.

బండి బాగుపడేది కాదని చాచా చెప్పేశాడు, తుక్కుకు పోయింది. బాపు అదే సేటు దగ్గర హమాలీగా చేరాడు. నిన్నటిదాకా బండిలో తిప్పిన కట్టలను ఇప్పుడు నెత్తిన మోశాడు, పదహారేళ్లు మోశాడు, మెడ ఒకపక్కకి వంగిపోయింది. నా చదువు ఒక్క రోజు కూడా మాన్పించలేదు. ఆ తరవాత నా నోటుబుక్కులన్నీ పొడిగానే ఉండేవి, వాటిలో రాయాలంటే నాకు చేయి వచ్చేది కాదు. చెప్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. పరీక్ష పాసైనప్పుడు, ఆఫీసులో ఉద్యోగం వచ్చినప్పుడు, పెళ్లినాడు, అమ్మ పోయినప్పుడు. ప్రతిసారీ ఇప్పుడు కాదులే అని వెనక్కి తగ్గాను. పిరికిదాన్ని.

ఆఖరి రెండేళ్లు బాపు నా దగ్గరే ఉన్నాడు. మతిమరుపు వచ్చి కొందరిని గుర్తుపట్టేవాడు, కొందరిని పట్టేవాడు కాదు. పోయిన ఏడు ఒక మధ్యాహ్నం గట్టి వాన, మంచం మీద లేచి కూర్చుని నా చేయి పట్టుకున్నాడు.

"బిడ్డా, నీకొకటి చెప్పాలె. మీ అమ్మకు చెప్పకు. బండి ఖరాబ్ చేసింది నేనే. నీళ్లు పోయే తొవ్వ నా చేతులార మూసిన. మీరు మస్తు తిప్పలువడ్డరు. నన్ను మాఫ్ చెయ్."

ఎప్పుడో నాకోసం ఆడిన అబద్ధం. ముప్పై ఏళ్లకు అది ఆయన బుర్రలో నిజమై కూర్చుంది. నేను ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాను.

"నేను మూసిన బాపూ. నేనే. నువ్వు గాదు."

ఆయన నా తల నిమిరి నవ్వాడు.

"నా మీద పడొద్దని నువ్వు మీదేసుకుంటున్నవా? వద్దు బిడ్డా. చిన్నపోరివి, నీకేం ఎర్క గవన్ని" అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు, చెప్పినకొద్దీ నా మంచితనానికి ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ చలికాలంలోనే పోయాడు.

డెంటర్ల గల్లీలో ఇప్పుడు సుత్తి చప్పుడు లేదు, ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ఖదీర్ చాచా ఎప్పుడు పోయాడో కూడా అక్కడెవరికీ తెలియదు. సేటు దుకాణం ఉన్నచోట లాడ్జి కట్టారు. చుట్టాలు వచ్చినప్పుడు మాటల్లో వ్యాన్ సంగతి వస్తే, పాపం మీ బాపు తెలియక చేసుకున్నాడు అంటారు, నేను మూశానంటే కూతురు కదా అట్లాగే అంటుంది అని తల ఊపుతారు. చేయని తప్పుకు నన్ను మాఫీ అడిగి వెళ్లిపోయాడు మా బాపు. చేసినదాన్ని నేను ఎవరిని అడగాలి?