ఎడమచేతి చెంచా

జర్మనీలోని హానోవర్‌లో తెలుగువాళ్లు కలిసినచోట నా ఉద్యోగం గురించి చెబితే ముందు జాలిపడతారు. "అంటే నర్సా అక్కా?" అంటారు, పెద్ద జీతాల ఉద్యోగులకిచ్చే బ్లూ కార్డు వీసా జేబులో ఉన్న ధీమాతో. నర్సునైతే నాకేమీ చిన్నతనం ఉండేది కాదు. ముసలివాళ్లకూ వికలాంగులకూ సేవ చేసే సంస్థలను నగరపాలక శాఖ తరఫున ఎంచుకోవడం, వాళ్లతో ఒప్పందాలు కుదుర్చుకోవడం, ఒప్పుకున్నది చేస్తున్నారో లేదో వెళ్లి చూడడం నా పని. ఇంత చెప్పేసరికి అడిగినవాడు సమోసాల వైపు వెళ్లిపోయి ఉంటాడు. పోనీ, పీడా పోయింది.

నాకు ఒళ్లు మండేది నేను కూర్చునే మీటింగుల్లో. సేవా సంస్థల డైరెక్టర్లు లాప్‌టాప్ పట్టుకుని వస్తారు. తెర మీద నవ్వుతున్న ముసలామె ఫొటో వేస్తారు. ఆ ముసలామె ఏ సంస్థలోనూ ఉండదు, ఫొటోలు అమ్మే దుకాణంలో ఉంటుంది. "గౌరవం", "భాగస్వామ్యం", "స్వావలంబన" అని ఒక్కో మాటనూ చాక్లెట్‌లా చప్పరిస్తూ పలుకుతారు. అమ్మా, మంచం పట్టినవాళ్లకు తల ఎవరు దువ్వుతారు అని అడిగామా, అది తమ విభాగం కాదంటారు. అయినా కాఫీ తాగి, తలూపి, కరచాలనం చేసి వస్తాను. జీతం తీసుకునేది అందుకే.

అలాంటి డైరెక్టరమ్మ ఒకావిడ ఒకరోజు ఫోన్ చేసింది. ఊరి చివర ఆమె నడిపే వృద్ధాశ్రమంలో ఒక భారతీయ వృద్ధురాలు ఉందట. పేరు వినగానే తెలుగామె అని తెలిసింది. ఇక్కడే కాపురం చేసి, ఇక్కడే భర్తను పోగొట్టుకున్న మనిషి. పిల్లల్లేరు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అంతకుముందు చక్కగా మాట్లాడే జర్మన్ నోట రావడం మానేసింది. కోర్టు పెట్టిన లాయరొకడు ఆమె తరఫున సంతకాలు చేస్తాడు. మింగడంలో ఏ ఇబ్బందీ లేదని డాక్టర్లు తేల్చినా ఆమె తినడం లేదు, రోజురోజుకూ చిక్కిపోతోంది.

"ఆహారాన్ని నిరాకరిస్తోంది. పొట్టలోకి గొట్టం వేయించడానికి ఆసుపత్రిలో వచ్చే వారానికే టెర్మిన్ దొరికింది. ఆ తర్వాత వేరే వార్డుకు మార్చాలి, దానికి మీ శాఖ అనుమతి కావాలి," అంది డైరెక్టరమ్మ. టెర్మిన్ అంటే అపాయింట్‌మెంటు; అది దొరికిన సంబరం ఆమె గొంతులో దాగలేదు. ఈ దేశంలో టెర్మిన్ చేతికొస్తే అది దేనికోసమో కూడా మరిచిపోతారు.

మనిషిని చూడకుండా అనుమతి ఇవ్వనన్నాను. మధ్యాహ్నం భోజనాల వేళకు వెళ్లాను.

కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని ఉందామె. చెంపలు లోపలికి పోయాయి. ముందు పళ్లెంలో మెదిపిన ఆలుగడ్డ, పాలకూర, ఉడికిన గుడ్డు. నర్సు వచ్చి లావుపాటి పిడి ఉన్న చెంచా ఒకటి ఆమె ఎడమచేతిలో పెట్టి, వేళ్లు మూసి వెళ్లిపోయింది. పెద్దామె చెంచాను మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

"చూశారుగా, నిరాకరణ," అంది డైరెక్టరమ్మ, అక్కడ కుర్చీలో మనిషి లేనట్టే, గొంతేమీ తగ్గించకుండా.

"ఎవరైనా తినిపించి చూశారా?" అన్నాను.

"అయ్యో, లేదు! స్వావలంబన మా సూత్రం కదా. తమంతట తాము చేసుకోగలిగింది మేం చేసిపెట్టం. ఎడమచెయ్యి చక్కగా పనిచేస్తోంది. ఆ చెంచా ప్రత్యేకంగా తెప్పించాం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మనవాళ్లు పక్కింటావిడ ఇచ్చే కరివేపాకు రెమ్మను కూడా ఎడమచేత్తో పుచ్చుకోరు. అలాంటి మనిషికి పూటపూటా ఆ చేతికే చెంచా తగిలించి, ఆమె దించేస్తే నిరాకరణ అని పేరు పెట్టి, పొట్టకు చిల్లు పెట్టడానికి ముహూర్తం చూసుకున్నారు! ఇంతమంది చదువుకున్నవాళ్లలో ఎందుకు తినడం లేదన్న ప్రశ్న ఒక్కరికీ పుట్టలేదు. సూత్రాలు మాత్రం గోడ మీద ఫ్రేములు కట్టి ఉన్నాయి.

కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. "పెద్దమ్మా, మీది ఏ ఊరు?"

ఆమె నా మొహంలోకి చూసింది. మూతి ఒక పక్కకు లాగుతుండగా, మాట ముద్దముద్దగా వచ్చింది. "కరీంనగర్ దిక్కు, బిడ్డా."

"అన్నం ఎందుకు తింటలేరు?"

"గీ చేతితోనా?" ఎడమచెయ్యి కొంచెం ఎత్తి చూపించింది. "గిది కడుక్కునే చెయ్యి. దీంతోని ఎట్ల తింటరే? నువ్వు తింటవా?"

తినను అన్నాను. లేచి చేతులు కడుక్కుని వచ్చి ఆలుగడ్డనూ పాలకూరనూ పళ్లెంలోనే వేళ్లతో కలిపాను. "గ్లవ్స్! గ్లవ్స్!" అని డైరెక్టరమ్మ గాభరా పడింది. ఆమెను ఒక చూపు చూసి చిన్న ముద్ద చేసి పెట్టాను. పెద్దమ్మ నమిలింది, మింగింది, మొహం చిట్లించింది.

"ఉప్పు లేదు, కారం లేదు. ఎట్ల తింటరో ఏందో వీళ్లు," అంటూనే రెండో ముద్ద కూడా తిన్నది.

"అద్భుతం!" అంది డైరెక్టరమ్మ. "కానీ ఇది స్వావలంబన కాదు కదా. మా సేవల్లో దీన్ని ఏమని పేర్కొనాలి?"

"తినిపించడం అంటారు దీన్ని," అన్నాను.

మూడో ముద్ద ఎత్తేసరికి పెద్దమ్మ ఎడమచేత్తో నా చొక్కా చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, గా గొట్టం ఎప్పుడేస్తరంట?"

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. జర్మన్ ఆమె నోటికి రాకుండా పోయిందే గానీ చెవులకు అందుతూనే ఉంది. డైరెక్టరమ్మ, డాక్టరు, లాయరు ఆమె మంచం పక్కనే నిలబడి గొట్టం గురించీ వార్డు గురించీ మాట్లాడుకున్నదంతా వింటూ, ఒక్క మాట అడ్డం చెప్పలేక పడుకుంది. నాకు ఏడుపొచ్చింది. దాంతోపాటు ఆ సూత్రాల ఫ్రేములన్నీ పగలగొట్టాలన్నంత కోపమూ వచ్చింది.

పెద్దమ్మ అడిగిన మాటను జర్మన్‌లో డైరెక్టరమ్మకు చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది. "టెర్మిన్ ఈ రోజే రద్దు చేస్తాం, లాయరుకూ చెబుతాం, రేపటి నుంచి తినిపిస్తాం అని ఆమెకు చెప్పండి," అంది నాతో.

"నాకెందుకు చెబుతారు? ఆమెకు చెప్పండి. జర్మన్‌లోనే."

డైరెక్టరమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగింది. ఒక్కో మాటనూ తుంచి తుంచి, గది దద్దరిల్లేలా చెప్పింది: "గొట్టం. వెయ్యం. అర్థమైందా?"

పెద్దమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసి నా వైపు తిరిగింది. "గట్ల ఒర్రుతదేంది? నాకేమన్న చెవుడా?" అని నోరు తెరిచింది.